ఏడో గదిలో తడి

రామచంద్రపురం దాటాక, రైసుమిల్లులు దాటాక
కండక్టరు "కంప్యూటర్ కాలేజీ!" అని అరిచే చోట
మా యూనివర్సిటీ.
అసలు పేరు బోర్డు మీద రెండు వరసలుంది,
టికెట్టు కొట్టేవాడికి అంత ఓపిక లేదు.

సర్కారుదే. ఫీజు తక్కువే.
కానీ ఇరవైనాలుగు గదుల్లోనూ
వేలు పెడితే వెలిగే బోర్డులు,
పాఠం చెప్పేవాళ్ళని వెతుక్కుంటూ తల తిప్పే కెమెరాలు.
ఎక్కడెక్కడి కమిటీలో వచ్చి చూసి
కొబ్బరినీళ్ళు తాగి మెచ్చుకుని వెళతాయి.

నేను కంట్రోలు రూములో ఉంటాను, కాంట్రాక్టు మనిషిని.
మా నాన్న రొయ్యల చెరువుల మీద మోటార్లు విప్పేవాడు,
నేను ప్రొజెక్టర్లు విప్పుతాను.
ఫిల్టరు నిండా మిల్లుల ఊక బూడిద.
వారానికోసారి దులిపితే అరచేతిలో చారెడు.
మా వైపు వెలుతురు కూడా
ధాన్యం మరపట్టిన వాసనేస్తుంది.

జూన్‌లో లాకులెత్తి కాలవలు వదిలారు.
మూడోరోజుకి ఏడో గదిలో
నేలకింద వైర్ల పెట్టె తడిసింది.
నిరుడూ అంతే. ముందటేడూ అంతే.
పైకప్పు చూశాం, పైపులు చూశాం,
ఏ పాపం తెలియని ఏసీని తిట్టాం.
ఇంజనీరుగారు మోకాళ్ళ మీద కూర్చుని
"తేమ" అని రాసి
సంతకం పెట్టి వెళ్ళారు.

ఆ సాయంత్రం
కడలి ఇందుమతి మేడం
డెల్టా పటం బోర్డు మీదే వదిలేసి బస్సుకి పరిగెత్తాక
మట్టా సూరమ్మ చీపురుతో వచ్చింది.
కెమెరా తల తిప్పింది.
వేదిక మీద మనిషి కదిలితే
దానికి పంతులే.
చీపురెటు పోతే అటు పోయింది,
ఆమె వంగితే వంగింది,
నడుం పట్టుకుని నిలబడితే
దగ్గరికొచ్చి తెర నిండా ముఖం పెట్టింది.
ఎర్రచుక్క వెలిగింది.

ఆపాలి. చెయ్యి మౌసు మీదే ఉంది నాకు.

తడిగుడ్డతో బోర్డు తుడవబోయింది. గీత పడింది.
ఉలిక్కిపడి చుట్టూ చూసింది.
మళ్ళీ వేలు పెట్టింది, ఈసారి కావాలనే.

పెద్ద కాలవలోంచి పిల్లకాలవ,
పిల్లకాలవలోంచి బోదె.
"మా అయ్య లస్కరండి," అంది,
గదిలో ఎవరూ లేరు, మైకు ఉంది.
"ఇదిగో, ఇక్కడ తూము. చెక్క తలుపు.
ఎండల్లో నెర్రెలిచ్చేది,
నీళ్ళొచ్చిన రాత్రి ఉబ్బి దానంతటదే బిగుసుకునేది.
వంతు తప్పినోళ్ళు చీకట్లో వచ్చి ఎత్తేసేవోరు,
అయ్య లాంతరట్టుకుని గట్టంట పరిగెట్టేవోడు.
తర్వాత లారీల్తో మట్టి పోశారు. కట్టారు.
ఆయ్, కట్టారు, బానే ఉంది.
ఇక్కడ యూనివర్సిటీ వచ్చిందని
నీళ్ళకెవరైనా చెప్పారా?"

వేలు ఆగింది.
నేను కుర్చీలోంచి లేచాను.
సరిగ్గా మా వైర్ల పెట్టె.

మొత్తం పదకొండు నిమిషాలు.
ఆపైన బెంచీల కింద ఊడ్చింది,
కెమెరా తోడు వెళ్ళింది.

మర్నాడు మేడం బోర్డు తెరిచింది.
"ఎవరు గీశారిది?"
"రాత్రే ఫోన్లకొచ్చింది మేడం, పదిహేడో పాఠం,"
అన్నాడు నేలపూడి సువర్ణరాజు.
నవ్వినవాళ్ళు నవ్వారు.
మేడం నవ్వలేదు, చెరపలేదు,
పటంలో అక్కడ ఏముందో వేలితో పెద్దది చేసి చూసింది.
ఏమీ లేదు. ఆకుపచ్చ రంగు.

సూరమ్మనడిగితే
"నేనేం గీయలేదు బాబూ, మరకడింది.
జీతంలో పట్టుకుంటారా?"

కంప్యూటరు నన్ను ఉపాధ్యాయుల పేరడిగింది,
ఖాళీగా వదలనివ్వదు.
మట్టా అని కొట్టాను.
జాబితాలో లేరంది.
ఇంకోసారి కొట్టాను.

తర్వాత ఏడో గదికెళ్ళి, మూత తీసి,
మగ్గుతో నీళ్ళు తోడాను.
చల్లగా ఉన్నాయి, కొత్తనీటి ఎరుపు.
ప్రహరీ అవతల మళ్ళో
నారు పీకి కట్టలు కట్టి
వంతు కోసం కూర్చున్నారెవరో.
కిటికీ తీసి
అటువైపే పారబోశాను.