బొటనవేలు

నలభై రెండో బస్తా దగ్గర
నడుములో ఏదో చిటుక్కుమంది.
అరవై కిలోల ఇథియోపియా కాఫీ,
ట్రియెస్టే రేవు, ఏడో గిడ్డంగి.
కింద పడింది బస్తా కాదు, నేను.
గింజ ఒక్కటీ ఒలకలేదని
మేస్త్రీ ఎజిదియో మెచ్చుకున్నాడు కూడా.

ఆ రోజు నుంచి ఎడమకాలు నాది కాదు.
పిర్ర నుంచి మడమ దాకా
ఎవరో కాల్చిన తీగ లాగుతున్నారు.
కూచుంటే ఒక బాధ, తుమ్మితే ఇంకో బాధ,
నవ్వితే...
నవ్వడం మానేశాను.
మాత్రలు మింగాను. సూదులు పొడిపించుకున్నాను.
పదకొండు వారాలు నేల మీద వెల్లకిలా పడుకుని
పైకప్పు పగుళ్లలో ఓడల దారులు గీసుకున్నాను.

డాక్టర్ నేవా ఫుర్లాన్ బల్ల మీద
ప్లాస్టిక్ వెన్నెముక ఒకటి ఉంటుంది.
పూస, మెత్త, పూస, మెత్త.
"ఈ మెత్త చిట్లింది. లోపలి గుజ్జు
నరం మీద కూచుంది" అంది,
చెప్పులో రాయిని చూపించినంత తేలిగ్గా.

దారులు చెప్పింది.
వీపున చిన్న గాటు పెట్టి, సూక్ష్మదర్శిని కింద
ఆ ముక్కను మాత్రం ఏరి తీసెయ్యడం.
లేదా పెన్సిల్ పట్టే కన్నంలోంచి
కెమెరా దింపి అదే పని చెయ్యడం.
బోల్టులు బిగించి రెండు పూసల్నీ ఒకటి చెయ్యడం,
"నీకంత అక్కర్లేదు."
లోహపు మెత్త అమర్చడం,
"నీకైతే నేను పెట్టను."
ఆగడం కూడా ఒక దారేనట.
ఒక్కోసారి ఒళ్లే ఆ ముక్కను
మెల్లగా తినేస్తుందట.

ఆగుదామన్నాను.
భయపడ్డవాడికి ఓపిక ఎక్కువ.

"బొటనవేలు పైకెత్తు" అంది.
ఎత్తాను.
"ఎత్తు" అంది మళ్లీ.
అప్పుడు వంగి చూసుకున్నాను.
ఇరవై ఆరేళ్లు ఓడల కడుపులు ఖాళీ చేసినవాణ్ణి.
వేలెడంత వేలు
నా మాట వినలేదు.

"ఏది చేయించుకుంటే మళ్లీ బస్తా ఎత్తొచ్చు?"
ఆమె ప్లాస్టిక్ పూసల్ని సర్దింది.
సర్దడానికి అక్కడేమీ లేదు.

ముందురోజు రాత్రి
జోరా నా పక్కన జపమాల తిప్పుతూ కూచుంది.
పూస దాటి పూస, పూస దాటి పూస,
ఎక్కడో ఒకచోట వేళ్లు ఆగిపోయాయి.
"డుయిలియో, ఎంత కోస్తారు?"
నా బొటనవేలి గోరు చూపించాను.
చేతిది.

మెలకువ వచ్చేసరికి
ఫ్రిజ్ మోత ఆగినప్పుడే
అది ఇంతసేపూ మోగిందని తెలుస్తుందే, అలా
తీగ లేదు.
నర్సు దుప్పటి ఎత్తింది.
కదిలిందని చెప్పను.
కదలాలా వద్దా అని వేలు ఆలోచించింది.
జోరా మాత్రం కదిలిందనే అంటుంది, ఇప్పటికీ.

మా ఊళ్లో బోరా గాలి లేచినప్పుడు
మనుషులు ఎగిరిపోకుండా
వీధి మలుపుల్లో తాళ్లు కడతారు.
తొమ్మిదో రోజున బయటికొచ్చాను.
ఆకు కదలడం లేదు.
ఎజిదియో ఎదురొచ్చి నవ్వాడు, "గాలేదీ?" అని.
తాడు వదలకుండా
నేనూ నవ్వాను.
నొప్పి పుట్టలేదు.