ఆరేదాకా

నరిన్‌లో మార్చి వచ్చినా మంచే.
ఆపరేషన్ గది కిటికీకి
లోపలి ఆవిరి గడ్డకట్టి ఉంటుంది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా
ఇక్కడ పొట్టలకి అయోడిన్ పూస్తున్నాను.
నా గోళ్ళ సందుల్లో ఆ గోధుమరంగు
పెళ్ళి ఉంగరం కంటే గట్టిగా పట్టుకుంది.
నడిమి నుంచి అంచుకి, చుట్లు చుట్లుగా,
మళ్ళీ నడిమికి రాకుండా.
పూసిన మేర తెలుస్తుంది.
కత్తికి పొలిమేర
చర్మమే చెబుతుంది.

ఈ ఏడు కొత్త సీసా వచ్చింది.
స్పిరిట్‌లో కలిపిన క్లోర్‌హెక్సిడిన్,
చలికాలపు ఏటి నీళ్ళలా.
ఏది మేలో తేల్చమని
బిష్కెక్ నుంచి అంటించిన కవర్లు పంపారు.
ఒకటి అని ఉంటే నా సీసా, రెండైతే కొత్తది.
ఇన్నేళ్ళ అనుభవమూ
ఓ కాగితం ముక్క ముందు చేతులు కట్టుకు నిలబడాలి.

"కనపడని మందుని ఎట్లా నమ్మను?"
"సూక్ష్మజీవి కనపడిందా నీకు, బురుల్చా?"
అన్నాడు తెమిర్‌కుల్, మొన్న మొన్న చేరిన సర్జన్.
జవాబు తోచక కవరు చింపాను.
రెండు.

బల్ల మీద సాయ్‌కల్, బొడ్డు దగ్గర హెర్నియా.
ఉన్ని కంబళ్ళకి రంగులద్దే మనిషి.
నడుము కింద మొద్దుబారింది కానీ నోరు బారలేదు.
"ఏ రంగు వేస్తున్నావ్ నాకు?"
"ఏ రంగూ లేదు."
"మరి ఇంతసేపూ ఏం రుద్దుతున్నావ్?"

బొడ్డులో నిలిచిన చుక్కని గుడ్డతో అద్దాను.
తడి స్పిరిట్టూ కరెంటు కత్తీ కలిస్తే
మనిషే అంటుకుంటుంది.
మూడు నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదు.
తెమిర్‌కుల్ చేతులెత్తి నిలబడ్డాడు,
లొంగిపోయిన సిపాయిలా.

"రంగైనా అంతే," అంది సాయ్‌కల్, పైకప్పుతో.
"మా చిన్నది తొందరపడి తడి ఉన్ని మడిచేస్తుంది.
మొదటి వానకే కారిపోతుంది.
తప్పు రంగుదంటుంది."

రెండో నిమిషం.
నా అయోడిన్ సీసా మీద కూడా
సన్నక్షరాల్లో ఉంటుంది, ఆరనివ్వండి అని.
ఒక్క పొట్టనైనా ఆరనిచ్చానా?
పూయడం, కానివ్వండి డాక్టర్ అనడం,
తడి తళుక్కుమంటుండగానే గాటు.
చీము పట్టి తిరిగొచ్చినవాళ్ళ
ఇళ్ళ మురికిని తిట్టాను.

ముప్పయ్యో రోజున సాయ్‌కల్ వచ్చింది.
సన్నటి గీత, అంతే.
రెండో వరుసలో 'శుభ్రం' అని రాశాను.
కవర్లు ఇంకా నూట పన్నెండున్నాయి,
ఏది గెలుస్తుందో తెలియదు.

మర్నాడు చింపితే ఒకటి.
గోధుమరంగు పూసి
గడియారం కింద నిలబడ్డాను.
తెమిర్‌కుల్ కనుబొమలెగరేశాడు:
"దీనికి కూడానా?"
"దీనికి కూడా."