పదిహేడో నంబరు బండ

చీమకుర్తి క్వారీకి వచ్చిన లిన్ సారు
ముందుగా చెంబుడు నీళ్లు అడిగేవాడు.
మాలకొండయ్య పోసేవాడు.
నల్లరాయి తడిసి లోపల చుక్కలు లేచేవి,
రాగిరంగు చుక్కలు,
అమాసనాటి ఆకాశాన్ని ఎవరో అడ్డంగా కోసినట్టు.

నచ్చితే బొటనవేలు ఎత్తేవాడు.
నేను ఎర్ర పెయింటుతో నంబరు వేసేవాణ్ణి.
పగులు కనబడితే నాలుక చప్పరించేవాడు,
ఆ చప్పుడుకి టన్ను మీద వెయ్యి పడిపోయేది.
మా మధ్య భాష అంతే.
ఆరేళ్లలో "బాగుంది" నేర్చుకున్నాడు, "మజ్జిగ" నేర్చుకున్నాడు.
కారం దోసె తిని కళ్లనీళ్లు పెట్టుకుని
ఇంకోటి వెయ్యమన్నాడు.

ఆ జూన్‌లో, ఎక్కడో మంచుకొండల మీద,
తుపాకులు పేలకుండానే మనుషులు చచ్చారు.
ఒంగోలు అద్దంకి బస్టాండు కాడ ఓ కుర్రాడు
చైనా ఫోను బండకేసి కొట్టి
ఇంకో చైనా ఫోనులో వీడియో తీయించుకున్నాడు.
యార్డులో ఎనభై మూడు బండలు.
వానొచ్చినప్పుడల్లా, చూసేవాడు లేకపోయినా,
చుక్కలు లేపుకుంటా కూర్చున్నాయి.
కృష్ణపట్నం దోవన ఒక్క లారీ కదల్లేదు.
మాలకొండయ్య బండి ఫైనాన్సోళ్లు పట్టకపోయారు.
ఢిల్లీలో దీన్ని విదేశాంగ విధానం అంటారంట.
మేం పన్లేదు అంటాం.

ఆగస్టులో వచ్చి అడిగారు,
సరిహద్దులో పోయినోళ్లకి స్తూపం, మంచి రాయి కావాలని.
ఉన్నవాటిల్లో మంచిది పదిహేడు.
లిన్ సారు ఏరిందే.
వైరు బ్రష్షుతో నంబరు నేనే గీకాను,
ఎర్రపొడి గోళ్లల్లో దూరి మూడ్రోజులు అన్నంలోకొచ్చింది.
పేర్లన్నీ చెక్కారు. జనం వేలుపెట్టి చదివారు.

అటుపక్కా పోయారంట.
ఎందరో చానాళ్లు చెప్పలా.
అక్కడ ఒకటే పార్టీ,
అది ఒప్పుకునేదాకా చావు కూడా చావు కాదేమో.
మా రాయి అక్కడ సమాధులకే ఎక్కువ పోద్దని
ఓసారి ఫోనులో బొమ్మలు చూపించాడు లిన్ సారు.
ఏ వాలులోనో పేరు చెక్కని పలక ఒకటి
మా గుట్టదే అయ్యుండొచ్చు.

లారీలు మళ్లీ తిరుగుతున్నాయి.
ఆయనకి వీసా లేదు, వీడియోలో చూస్తాడు.
ఒక చేత్తో ఫోను పట్టుకుని
ఇంకో చేత్తో నేనే నీళ్లు పోస్తా.
మొన్న పాత లిస్టు తీసి వేళ్లతో చూపించాడు:
పది. ఏడు.
ఏదీ?

ఏ భాషలో చెప్పను?

నాలుక చప్పరించాను.