ఉప్పు చూడని కూర

పాటు తీసే వేళకి పడవ ఆపాను.
"ఇదేనా పోలిరేడు దిబ్బ?" అన్నాడు
వారసత్వ స్థలాల జాబితా రాసుకోడానికి
కాకినాడ నుంచి వచ్చిన ఆఫీసరు.
ఇదేనండి, అన్నాను. నేను దిగలేదు.
మావాళ్ళెవరూ దిగరు.
ఆయనే బూట్లు విప్పి
మోకాటి లోతు ఒండులో నడిచి
తెల్లమడ వేళ్ళ మధ్య టేపు పరిచాడు.
రెండో కొస పట్టుకునే మనిషి లేక
కొమ్మకి కట్టాడు.

సమాధి ఏది? రాయి? శాసనం?
పడవలోంచే చెప్పాను:
ఏమీ లేవండి.
నాలుగొందల ఏళ్ళో ఆరొందలో,
మా లెక్క తాతల్లో ఉంటుంది.
ఈ పాయలో వలల తగువుకి
నీళ్ళకంటే ముందు నెత్తురే పోటెక్కేదంట.
పోలిరేడు రెండు ఒడ్లవాళ్ళనీ ఇక్కడికి పిలిచి
మీకు బాగా ఇష్టమైన చేప చెప్పండన్నాడంట.
పెడతాడేమోనని నోరూరుతూ చెప్పారు.
ఇక దాన్ని తినకండి, అన్నాడు.
ఒకే చేప వదిలినవాళ్ళు
ఒకే కడుపున పుట్టినట్టు.
వాళ్ళమీద తెడ్డెత్తకూడదు.

ఓలేటోళ్ళు మాగ వదిలారు.
అవతలి ఒడ్డు మల్లాడోళ్ళూ మేమూ పండుగొప్ప.
పులస పేరు మాత్రం ఒక్కడూ చెప్పలేదు.
ముదుర్లండి, మా తాతలు.

ఆయన ఏం వదిలాడు?
ఏదీ వదల్లేదు.
అన్నీ తినేవాడు కనకే
తమ్ముడికి విషం కలపడం తేలికైంది.
ఏ చేపలో కలిపాడో
ఆ ఒక్కటీ ఎవరూ చెప్పరు.

"హద్దులైనా చూపించు."
పోయిన వరదకి అటు నలభై బారలు కోసుకుపోయిందండి,
ఇటు కాస్త మేట వేసింది.
హద్దు కూడా ఏటితోపాటే నడుస్తది.
ఆయన కలం కాగితం మీద
చాలాసేపు ఊరికే నిలబడింది.

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం.
పండుగొప్ప మా వలలో పడుతుంది, మేం అమ్ముతాం,
అడిగితే వండుతాం కూడా.
మామిడికాయ వేసి, మూత తీసి, ఆవిరి వాసన చూసి
దించేసింది అమ్మ.
విస్తరి పక్కన కూచుని అడిగింది:
"ఉప్పు సరిపోయిందా బాబూ?"

నమిలే దవడ ఆగింది.
గిన్నె వైపు చూశాడు, అమ్మ నోటి వైపు చూశాడు.
"కొంచెం తక్కువైందమ్మా," అన్నాడు, మెల్లగా.
అబద్ధమాడనందుకు
నాకా మనిషి మీద గౌరవం కలిగింది.
"యాభై ఏళ్ళుగా తక్కువే అవుతోంది,"
ఉప్పురాయి అందిస్తూ అంది నాగూరమ్మ, మా అమ్మ.

చెయ్యి కడుక్కుంటూ అడిగాడు,
నేనూ ఒక చేప వదలొచ్చా అని.
"దానికి ముందు నీకొక తగువుండాలి బాబూ.
ఉందా?"
ఆయన తువ్వాలుతో
చాలాసేపు తుడుచుకున్నాడు.

పోటు మొదలయ్యాక యానాం రేవులో దింపాను.
అప్పుడు గుర్తొచ్చింది టేపు.
పసుపుపచ్చగా ఆ కొమ్మనే ఉంది,
నీళ్ళు ఎక్కుతుంటే అంకెలు ఒక్కొక్కటే మునుగుతూ.

వెళ్ళి తెచ్చేవాళ్ళు
మా ఊళ్ళో ఎవరూ లేరు.