ఎర్ర చుక్క

పూతలపట్టు మండలాఫీసు గోడమీద
ఇరవై ఏళ్ల ప్లాను.
తడిచెత్తకు పచ్చ గీత, పొడిచెత్తకు నీలం.
మిగిలిందంతా గుట్ట వెనక
ఒక ఎర్ర చుక్క.

"ఆ చుక్క మా బోరుకు ఎగవన ఉండాది సార్"
అంది కుప్పమ్మ,
చెత్తబండి బయట నిలిపొచ్చి.

ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
ఈమెను పెంటకుప్పమీద పడుకోబెట్టి
చేటెడు తవుడు పోసి
తిరిగి కొనుక్కుందంట వాళ్లమ్మ.
బతికింది. పేరూ నిలిచింది.

"అప్పుడు కుప్పంటే పేడ, బూడిద, మామిడి టెంకలు.
వానపడితే మొలకలేసేది.
ఇప్పుడు పడుకోబెడితే
ఏ బిడ్డ లేస్తాది సార్?"

ఇంజనీరు తర్వాతి పటానికి పోయినాడు.

మినిట్స్ పుస్తకంలో ఆమె పేరొక్కటే రాశాను.
చేతిలో ఖాళీ టీ కప్పు
ఎక్కడ పారేయాలో తెలీక
ఇంటిదాకా తెచ్చుకున్నా.