స్విచ్చి నెమలి కింద

వైర్లు పాతబడ్డాయి, మార్చమని పిలిచింది ఎతేరి.
టిబిలిసిలో కొండవాలు వీధి, ఐదో అంతస్తు,
నాణెం వేస్తే గానీ కదలని లిఫ్టు.

తలుపు సగమే తెరుచుకుంది.
వెనక ఇంకో తలుపు ఆనించి ఉంది,
కూల్చేసిన ఎవరిదో ఇంటిది.
రంగుటద్దాల్లో రెండు పావురాలు, ఒకదానికి తల లేదు.
"పనికిరాదని పారేస్తుంటే తెచ్చా" అంది,
"ఇక్కడా పని చెయ్యదులే. కూర్చుంటుంది."

పొట్ట లోపలికి పీల్చి పక్కవాటుగా నడిచాను.
గోడకి తివాచీ, తివాచీకి పళ్ళేలు,
పళ్ళేల సందుల్లో కత్తులు, ఒరలకి పూసలు,
పూసల్లో చిక్కుకున్న ఒక చేతిగడియారం.
ఆగిపోయిందనుకున్నా. నడుస్తోంది.
కప్పు నుంచి తలకిందులుగా తెరిచిన గొడుగులు,
గొడుగుల్లో ఎండిన దానిమ్మలు.

ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి గోడలు తొలుస్తున్నవాణ్ణి.
ఇప్పటి ఇళ్ళన్నీ పెరుగు తోడుకున్నట్టు తెల్లగా,
ఒక సోఫా, ఒక మొక్క, అదీ ప్లాస్టిక్.
ఏ ఇంట్లోనూ స్విచ్చిని వెతుక్కోలేదు.

"స్విచ్చెక్కడమ్మా?"
"కనబడట్లేదూ? నెమలి కింద."
నెమళ్ళు మూడున్నాయి.
దిండు మీద కుట్టింది ఒకటి, ఇత్తడిది ఒకటి,
మూడోది వట్టి తోక, కూజాలోంచి చూస్తోంది.

"మా అక్క కూతురు నుత్సా కూడా ఇదే గోల.
పిన్నీ, గోడల్ని కాస్త ఊపిరి పీల్చుకోనీ అంటుంది.
గోడలకి ఊపిరితిత్తులు ఏ కాలేజీలో చెప్పారో!"

మెయిన్ ఆపాను.
జనవరి, సాయంత్రం ఐదు, నాలుగు వరసల పరదాలు.
చేతిలో టార్చి జారి
దేని కిందికో, ఆ దేని కిందో ఇంకోదాని కిందికో దొర్లిపోయింది.
ఎతేరి నవ్వింది. నా మణికట్టు పట్టుకుంది.

"ఇది కంచు అంచు, ఇక్కడ తల వంచు.
ఇప్పుడు ఉన్ని. ఉన్ని అయ్యాక పొట్టేలు కొమ్ము,
చల్లగా ఉందా? దాని తర్వాత రెండడుగులు.
కుచ్చులు తగిలితే వంటిల్లు.
గవ్వలు తగిలితే నా మంచం, అటు నీకు పని లేదు."

చీకట్లో ఆమె నాకన్నా చిన్నది. చకచకా నడుస్తోంది.

"కరెంటు రోజుకి గంట వచ్చిన చలికాలాలు, నీకు గుర్తుండవు."
గుర్తున్నాయి. నాకు ఏడేళ్ళు.
నాన్న బడి నుంచి బల్ల ఒకటి మోసుకొచ్చాడు,
దాని మీద చెక్కిన నా పేరు ముందు కాలింది.
ఆ మాట పైకి చెప్పలేదు.

"మొదట కుర్చీలు కాల్చాం. తర్వాత అలమర.
తర్వాత కాళ్ళ కింది చెక్క, పలక తర్వాత పలక.
చివర్న పియానో. అది మంచిది, తొమ్మిది రోజులొచ్చింది.
ఒకరాత్రి దాహమేసి లేచాను.
చెయ్యి చాపాను. ఏదీ తగల్లేదు.
ఇటు చాపాను. ఏదీ లేదు.
నా ఇంట్లో నేను, నాలుగు గోడల మధ్య, దారి తప్పాను బాబూ.
తెల్లారేదాకా నేల మీదే కూర్చున్నా.
వచ్చే పోయే వాళ్ళంతా
కళ్ళకి ఎక్కువైందంటారు.
నేను కళ్ళకోసం పెట్టలేదు."

అప్పుడే నా మోచేతికి ఏదో తగిలి
గదంతా ఒక బొంగురు మూలుగు.
"తీగలు" అంది. "అవి కాలవు కదా."

వాటి పక్కనే ఉంది స్విచ్చి.
కింద కాదు, ఇత్తడి నెమలి పైన.

పని ముగిసేసరికి ఎనిమిది.
కొత్త స్విచ్చి చూసి మూతి విరిచింది,
"మరీ ఇంత తెల్లగానా?"
నేను పనిముట్లు సర్దేలోపే ఎర్రరంగు సీసా మూత తిప్పుతోంది.

లిఫ్టుకి చిల్లర లేదన్నాను.
పరదా అంచు నుంచి ఒక నాణెం తెంపి ఇచ్చింది.
పాత దేశానిది. లిఫ్టు తీసుకోలేదు.

నడిచి దిగాను. మెట్ల దగ్గర బల్బు లేదు.
గోడ తడుముకుంటూ వెళ్ళాను,
నున్నగా, నున్నగా, నున్నగా ఉంది.
కొంతసేపటికి
ఏ అంతస్తులో ఉన్నానో తెలియలేదు.