దాచిన స్ప్రింగు

మిల్వాకీలో మార్చి. మురికి మంచు ఇంకా
షోరూమ్ మెట్ల పక్కన మొండికేసి కూచుంది.
నా బండిని చూడ్డానికి మొదట వచ్చింది
వెర్నా పియొట్రోవ్‌స్కీ. ఎనభై ఒకటో ఏడు,
చేతిలో నలిగిన బస్సు టికెట్టు.

రెండేళ్లు బంకమట్టితో కుస్తీ పట్టాను.
ట్యాంకుని గీకి గీకి దోసగింజ చేశాను.
వెనక మడ్‌గార్డుని
ఎవరో కుర్రాడు రాత్రికి రాత్రి రంపంతో తెగ్గోసినట్టు
కంప్యూటర్లో కొలిచి కోశాను.
ఆ కుర్రతనాన్నే ఇప్పుడు
షిఫ్టుకి నలభై చొప్పున అచ్చుపోస్తున్నాం.

ఆవిడ క్రోమ్ చూళ్లేదు, ఎరుపు చూళ్లేదు.
వంగి, మడ్‌గార్డు అంచుని బొటనవేలితో తడిమింది.
"మా లియో కోసింది గరుకు.
నా గౌన్లు మూడు చింపింది."

తర్వాత సీటు మీద రెండు చేతులూ ఆనించి
ఒంటి బరువంతా మోపింది.
దిగింది సీటు, మెత్తగా, దొంగలా.
పాతకాలపు బిర్రబిగుసు చట్రంలా కనిపించే ఆ గీత కింద
నేను స్ప్రింగు దాచాను.
నా పనితనమంతా ఆ అబద్ధంలోనే ఉంది.

"వాడిది దిగేది కాదు.
రోడ్డు మీద ప్రతి గతుకూ వెన్నులో జమయ్యేది.
నలభై దాటేసరికి వంగలేకపోయాడు.
బూట్ల లేసులు నేనే కట్టేదాన్ని."

కరపత్రంలో రాసిన వారసత్వం మాటలు
నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

మళ్లీ నొక్కింది. మళ్లీ.
"కనబడకుండా పెట్టావు, మంచిపని," అంది,
"కనబడితే వాడు ఎక్కేవాడు కాదు."